చలికాలంలో పాత కారు బేరం.. ఏసీ పరీక్షించాకే బయానా

ఆదిలాబాద్: తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోయే రోజుల్లో పాత కారు చూడటానికి వెళ్లినవారు ఏసీ మీట నొక్కి చూడటం అరుదు. నొక్కినా గాలి చల్లగానే వస్తుంది. ఏసీ బాగానే ఉందనుకుని డబ్బు చెల్లిస్తారు. మార్చి నెలాఖరులో ఎండలు ముదిరాక అదే మీట నొక్కితే వేడిగాలి వీస్తుంది. అప్పటికి కారు పేరు మారిపోయి ఉంటుంది. అమ్మిన వ్యక్తిని అడిగితే ‘నేనిచ్చినప్పుడు బాగానే ఉంది కదా’ అనే సమాధానం వస్తుంది. చలికాలంలో కారు కొన్న పలువురికి ఎదురయ్యే అనుభవమిది. కాస్త సమయం కేటాయించి పద్ధతి ప్రకారం పరిశీలిస్తే చలిలోనూ ఏసీ లోపాన్ని పసిగట్టవచ్చని మెకానిక్‌లు చెబుతున్నారు.

పత్తి డబ్బు చేతికందే వేళ..

జిల్లాలో పాత కార్ల బేరాలు చలికాలంలోనే ఎక్కువగా సాగడానికి కారణం ఉంది. పత్తి అమ్మకాలు అక్టోబరు, నవంబరులో మొదలై సంక్రాంతి దాటే వరకు కొనసాగుతాయి. రైతుల చేతికి ఏడాదిలో ఒకేసారి సొమ్ము వచ్చేది అప్పుడే. అప్పులు తీర్చగా మిగిలిన దానితో ఇంటికో వాహనం కొనుక్కోవాలన్న ఆలోచన కలుగుతుంది. కుటుంబ అవసరాలకు కొనేవారు కొందరైతే, కిరాయికి తిప్పుకొని ఉపాధి పొందాలని కొనే యువకులు మరికొందరు.

ఈ ప్రాంతంలో ఏసీని విలాసంగా భావించడానికి వీల్లేదు. చలిలో వణికించే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే వేసవిలో పగటి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలు దాటుతాయి. మెరుగైన వైద్యం కోసం రోగులను తీసుకెళ్లాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా నాగ్‌పూర్‌కు సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి. మే నెల మధ్యాహ్నం అద్దాలు దించుకుంటే వడగాలి, ఎత్తుకుంటే ఉక్కపోత. బాలింతలు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్నప్పుడు అది ప్రాణాల మీదకు తెచ్చే ప్రయాణమే అవుతుంది.

ఇచ్చోడ ప్రాంతానికి చెందిన ఓ యువకుడి అనుభవమే ఇందుకు నిదర్శనం. పత్తి అమ్మిన సొమ్ముకు కొంత అప్పు జోడించి, జనవరిలో ట్యాక్సీ పర్మిట్ ఉన్న ఏడేళ్ల నాటి కారు కొన్నాడు. పొద్దున్నే వెళ్లి చూశాడు. ఇంజిన్ చప్పుడు విన్నాడు, టైర్లు చూశాడు, కాగితాలు సరిచూసుకున్నాడు. ఏసీ వేస్తే చల్లటి గాలే వచ్చింది. ఏప్రిల్‌లో పెళ్లిళ్ల కిరాయిలు మొదలయ్యాక గాలి వేడెక్కింది. గ్యాస్ నింపిస్తే రెండు వారాలు పనిచేసి మళ్లీ ఆగిపోయింది. ఏసీ లేని కారు ఎక్కేవారు లేక సీజన్‌లోని కిరాయిలు చాలావరకు పోగొట్టుకున్నాడు. చివరికి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పించి చూస్తే కూలింగ్ కాయిల్‌కు చిల్లు పడినట్లు తేలింది. కొనడానికి ముందు అరపూట వెచ్చించి ఉంటే ఈ నష్టం తప్పేదని ఇప్పుడు వాపోతున్నాడు.

ఏసీ పనిచేసే తీరు

లోపాన్ని గుర్తించాలంటే ముందుగా ఏసీ ఎలా పనిచేస్తుందో స్థూలంగా తెలుసుకోవాలి. ఇంజెక్షన్ వేసే ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది. స్పిరిట్ ఆవిరి అవుతూ చర్మంలోని వేడిని తీసుకుపోవడమే ఇందుకు కారణం. కారు ఏసీలో జరిగేదీ ఇదే. డ్యాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్‌లో ద్రవరూపంలోని గ్యాస్ ఆవిరి అవుతుంది. ఆ క్రమంలో కాయిల్ మీదుగా వెళ్లే గాలిలోని వేడిని గ్రహిస్తుంది. చల్లబడిన గాలిని బ్లోవర్ ఫ్యాన్ లోపలికి పంపుతుంది.

వేడిని గ్రహించిన ఆవిరిని ఇంజిన్ పక్కనుండే కంప్రెసర్ పీల్చుకుని గట్టిగా నొక్కుతుంది. దాంతో అది మరింత వేడెక్కి రేడియేటర్‌కు ముందుండే కండెన్సర్‌కు చేరుతుంది. అక్కడ ఫ్యాన్ గాలికి, కారు నడిచేటప్పుడు ఎదురొచ్చే గాలికి వేడిని బయటకు వదిలి మళ్లీ ద్రవంగా మారుతుంది. ఇది నిరంతరం సాగే చక్రం. గ్యాస్ ఈ పైపుల్లోనే తిరుగుతుంది తప్ప పెట్రోలు, డీజిలులా ఖర్చయిపోదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే అమ్మకందారుల సాకులను తేలిగ్గా అర్థం చేసుకోవచ్చు.

దేశంలోని కార్లలో ఎక్కువగా వాడే గ్యాస్ ఆర్-134ఏ. చిన్న కార్లలో సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల గ్యాస్ పడుతుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు నింపాలన్నది బానెట్ కింద అతికించే స్టిక్కర్‌పై ముద్రించి ఉంటుంది.

చలి దాచిపెట్టే లోపాలు

బయట 12 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ పనిచేయకపోయినా బ్లోవర్ నుంచి వచ్చేది 12 డిగ్రీల గాలే. చేతికి అది చల్లగానే తగులుతుంది. మరోవైపు, చలికాలంలో ఏసీపై భారం చాలా తక్కువ. గ్యాస్ సగమే ఉన్నా, కంప్రెసర్ అరిగిపోయినా, కండెన్సర్ దుమ్ముతో పూడుకుపోయినా ఆ కొద్దిపాటి పనిని నెట్టుకొస్తుంది. ఖాళీ బండిని బక్కచిక్కిన ఎద్దయినా లాగుతుంది. పత్తి నింపాకే దాని సత్తా తెలుస్తుంది.

వేసవిలో పరిస్థితి వేరు. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు కండెన్సర్ వేడిని వదలాలంటే గ్యాస్ అంతకంటే ఎంతో ఎక్కువ వేడిగా ఉండాలి. అందుకోసం కంప్రెసర్ మరింత బలంగా నొక్కాలి. పైపుల్లో పీడనం పెరుగుతుంది. అరిగిన కంప్రెసర్ ఆ పీడనాన్ని ఇవ్వలేదు. సన్నటి చిల్లుల నుంచి గ్యాస్ వేగంగా బయటికి పోతుంది. చలిలో బయటపడని లోపాలన్నీ ఎండలు ముదిరేసరికి ఒక్కసారిగా బయటపడటానికి ఇదే కారణం.

చలి వల్ల మరో చిక్కు కూడా ఉంది. ఉష్ణోగ్రత బాగా తగ్గినప్పుడు పైపుల్లోని పీడనం కూడా పడిపోతుంది. పీడనం ఒక స్థాయికి తగ్గితే కంప్రెసర్ దెబ్బతినకుండా దాన్ని ఆపివేసే స్విచ్ ఉంటుంది. చాలా కార్లలో బయటి ఉష్ణోగ్రతను గుర్తించే సెన్సర్ సైతం కంప్రెసర్‌ను నిలిపివేస్తుంది. అందువల్ల సిర్పూర్(యు), గిన్నెధరి వంటి చోట్ల తెల్లవారుజామున 5, 6 డిగ్రీల చలిలో చూస్తే బాగున్న ఏసీ కూడా పనిచేయనట్లే కనిపించే అవకాశం ఉంది. తెల్లవారుజామున చేసే పరీక్షతో కొనేవారు మోసపోవచ్చు, లేదా అమ్మేవారిని అనవసరంగా అనుమానించవచ్చు.

మధ్యాహ్నమే మేలు

ఈ ఇబ్బంది తప్పాలంటే కారును మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య చూడాలి. ఎంత చలికాలమైనా ఆ వేళకు జిల్లాలో ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీలకు పైగానే ఉంటుంది. చూసే ముందు కారును అద్దాలన్నీ మూసి కనీసం గంటపాటు ఎండలో నిలిపి ఉంచమని అమ్మకందారును కోరాలి. లోపల వేడెక్కిన కారులో ఏసీ సత్తా కొంతవరకైనా తెలుస్తుంది. నీడలో ఉంచిన కారును, అప్పటికే తిప్పి తెచ్చి ఏసీ వేసి ఉంచిన కారును చూసి నిర్ణయానికి రాకూడదు.

మబ్బు పట్టిన రోజైతే మరో మార్గం ఉంది. ఇంజిన్ వేడెక్కాక అద్దాలు మూసి, ఏసీ ఆపి, హీటరును పూర్తి స్థాయిలో పది నిమిషాలు వేయాలి. లోపల ఉక్కపోసేంత వేడి వచ్చాక ఉష్ణోగ్రత మీటను చల్లదనం వైపు తిప్పి, ఏసీ వేసి పరీక్షించాలి. దీనివల్ల హీటరు పనితీరు కూడా తెలుస్తుంది. హీటరు వేసినప్పుడు తియ్యటి వాసన వచ్చి, అద్దాలపై జిడ్డు పొర పడితే రేడియేటర్ నీటిలో కలిపే కూలెంట్ లోపల కారుతున్నదని అర్థం.

బానెట్ ఎత్తితే తెలిసేవి

ముందుగా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పరిశీలించాలి. కంప్రెసర్‌ను తిప్పే బెల్టు ఉందో లేదో చూడాలి. కంప్రెసర్ పట్టేసిన కార్లలో ఆ బెల్టు తీసేసి నడిపేవారు ఉన్నారు. అల్యూమినియం పైపుల జాయింట్ల వద్ద, కంప్రెసర్ ముందు భాగంలో, కండెన్సర్ అంచుల్లో జిడ్డు మరకలు, వాటికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే అనుమానించాలి. గ్యాస్‌తోపాటు పైపుల్లో నూనె కూడా తిరుగుతుంది. గ్యాస్ బయటికి పోయిన చోట ఆ నూనె తడి మిగులుతుంది. మిగతా ఇంజిన్ అంతా దుమ్ముతో ఉండి ఏసీ జాయింట్లు మాత్రమే తుడిచినట్లు శుభ్రంగా ఉన్నా కారణం అడగాలి.

ముందు జాలీలోంచి కండెన్సర్‌ను టార్చిలైటుతో చూడాలి. రాళ్లు తగిలి రేకులు వంగిపోవడం, పత్తి నూగు, మట్టి పేరుకుపోవడం సాధారణంగా కనిపిస్తాయి. మట్టి మాత్రమే అయితే నీటితో కడిగితే పోతుంది. గొట్టాలకే దెబ్బ తగిలి ఉంటే మార్చక తప్పదు. కండెన్సర్ ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే ముందు భాగంలో ప్రమాదం జరిగిందేమో విచారించాలి.

తరువాత ఇంజిన్ ఆన్ చేసి, మరొకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ వేయించాలి. కంప్రెసర్ క్లచ్ ‘టక్’ మని అతుక్కోవాలి. పుల్లీ మధ్య భాగం కూడా తిరగడం మొదలవ్వాలి. అదే సమయంలో ఇంజిన్ చప్పుడులో స్వల్ప మార్పు వినిపిస్తుంది. కండెన్సర్ ఫ్యాన్ తిరగాలి. క్లచ్ కొద్ది సెకన్లకోసారి అతుక్కుంటూ, విడిపోతూ ఉంటే గ్యాస్ తగ్గినట్లు అనుమానించాలి. గరగర శబ్దం వస్తే కంప్రెసర్ లేదా బేరింగు అరిగినట్లే. కొన్ని కొత్త తరహా కార్లలో క్లచ్ లేని కంప్రెసర్ ఉంటుంది కాబట్టి ‘టక్’ మనే శబ్దం వినిపించకపోవచ్చు. అటువంటి వాటిలో గాలి ఉష్ణోగ్రతను బట్టే తెలుసుకోవాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బెల్టు, ఫ్యాన్‌ల దగ్గరికి చేతులు, చీర కొంగు, కండువా వంటివి పోనివ్వరాదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలను ఎట్టి పరిస్థితుల్లోనూ తాకరాదు.

అయిదు నిమిషాలు గడిచాక లావు పైపు చల్లగా ఉండి, పైన నీటి తేమ పట్టడం మంచి లక్షణం. సన్న పైపు వేడిగా ఉంటుంది. చేయి కాలే అవకాశం ఉన్నందున దాన్ని వేళ్లతో గట్టిగా పట్టుకోకూడదు.

చేతిని నమ్మొద్దు.. థర్మామీటరు చూడండి

చలికాలంలో చల్లదనాన్ని చేతితో అంచనా వేయడం కష్టం. సూది వంటి కొన ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. ఈ పరీక్షను రెండు దశల్లో చేయాలి.

మొదట ఏసీ ఆపి, ఉష్ణోగ్రత మీటను పూర్తిగా చల్లదనం వైపు ఉంచి, బ్లోవర్ మాత్రమే వేసి మధ్య రంధ్రం నుంచి వచ్చే గాలి ఉష్ణోగ్రతను రాసుకోవాలి. అది దాదాపు బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. తరువాత అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట మార్చి, ఏసీ వేయాలి. ఇంజిన్‌ను నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల వేగంతో పది నిమిషాలు నడపాలి. బయట 25 నుంచి 30 డిగ్రీలు ఉన్నప్పుడు బాగున్న ఏసీ నుంచి వచ్చే గాలి సుమారు 5 నుంచి 10 డిగ్రీలకు చేరుతుంది. రెండు అంకెల మధ్య 15 డిగ్రీల వరకు తేడా కనిపిస్తే ఏసీ పనిచేస్తున్నట్లే. తేడా అయిదారు డిగ్రీలకే పరిమితమైతే వేసవిలో అది చాలదు.

డ్రైవరు వైపు, ఎడమ వైపు రంధ్రాల గాలిని విడివిడిగా చూడాలి. ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గడం గానీ, డ్యాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే తలుపులు పాడవడం గానీ జరిగి ఉండవచ్చు. ఏడు సీట్ల వాహనాల్లో వెనుక వరుసలకు ప్రత్యేక బ్లోవర్ ఉంటే దాన్ని కూడా వేసి చూడాలి. కొన్ని వాహనాల్లో వెనుక వేరే కూలింగ్ కాయిల్ సైతం ఉంటుంది. బ్లోవర్ అన్ని వేగాల్లోనూ తిరుగుతున్నదో లేదో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ముక్కవాసన వస్తే కాయిల్‌పై బూజు పట్టి ఉండవచ్చు. శుభ్రం చేయిస్తే ఇది చాలావరకు పోతుంది.

పొగమంచు పట్టిన అద్దమే సాక్షి

చలికాలంలో మాత్రమే చేయగలిగే పరీక్ష ఒకటి ఉంది. చల్లని ఉదయం నలుగురు కూర్చుని తలుపులు మూస్తే ఊపిరిలోని తేమకు ముందు అద్దం లోపల మసకబారుతుంది. హీటరు వేయకుండా గాలిని అద్దం వైపు మళ్లించి ఏసీ వేయాలి. కూలింగ్ కాయిల్ గాలిలోని తేమను నీటిగా మార్చి బయటకు పంపుతుంది. పొడిగాలి తగలడంతో రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడాలి. మసక అలాగే ఉంటే ఏసీ పనిచేయడం లేదని అనుమానించాలి. మరీ తీవ్రమైన చలిలో కంప్రెసర్ ఆగిపోయే వీలున్నందున కాస్త పొద్దెక్కాక ఈ పరీక్ష చేయడం మంచిది.

ఏసీ కాసేపు నడిచాక కారు కింద నీటి చుక్కలు పడటం కూడా సహజమే. చలికాలపు పొడిగాలిలో ఇవి తక్కువగా పడతాయి కాబట్టి చుక్కలు లేనంత మాత్రాన లోపమున్నట్లు కాదు. నీరు బయటికి పోకుండా ముందు సీటు కింద తివాచీ తడిస్తే మాత్రం నీటి గొట్టం పూడుకుపోయిందని గ్రహించాలి.

నిలిపి ఒకసారి.. నడిపి ఒకసారి

కారును 10, 15 కిలోమీటర్లు నడిపి వచ్చాక ఇంజిన్ ఆపకుండా, ఏసీ వేసే ఉంచి ఎండలో మరో పది నిమిషాలు నిలపాలి. నడుస్తున్నంతసేపూ చల్లగా ఉండి, నిలిపితే గాలి వెచ్చబడితే కండెన్సర్ ఫ్యాన్ సరిగా తిరగడం లేదని గానీ, కండెన్సర్ పూడుకుపోయిందని గానీ అర్థం. ఆ సమయంలో ఇంజిన్ వేడిని చూపే ముల్లుపైనా కన్నేసి ఉంచాలి. ఏసీ వేసి నిలిపినప్పుడు ముల్లు పైకి ఎగబాకుతుంటే సమస్య ఏసీకే పరిమితం కాదు. అటువంటి కారు వేసవిలో దారిలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

‘గ్యాస్ నింపిస్తే చాలు’ అంటే..

పాత కార్ల బేరంలో తరచూ వినిపించే మాట ‘ఏసీ బాగానే ఉంది, గ్యాస్ నింపించుకుంటే చాలు’. ఈ మాట విన్న వెంటనే జాగ్రత్తపడాలి. మూసి ఉన్న పైపుల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోయినట్లే. రబ్బరు పైపుల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే అయినా, ఏటా నింపాల్సి వస్తున్నదంటే లీకేజీ ఉన్నట్లే. గ్యాస్ నింపడమే అసలు పని అయితే, అమ్మకానికి ముందు ఆయనే ఎందుకు నింపించలేదన్న ప్రశ్న వేయాలి.

అమ్మకానికి ఒకటి రెండు రోజుల ముందు గ్యాస్ నింపిన కారు పైన చెప్పిన పరీక్షలన్నింటిలోనూ నెగ్గవచ్చు. ఇచ్చోడ యువకుడి విషయంలో జరిగింది ఇదేనని కాయిల్ విప్పిన మెకానిక్ అభిప్రాయపడ్డారు. అందుకే చివరిసారి ఎప్పుడు, ఎక్కడ నింపించారో అడిగి బిల్లు చూడాలి. వీలైతే వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు ఉష్ణోగ్రత పరీక్ష చేయాలి. రెండోసారి గాలి వెచ్చబడితే ఆ బేరాన్ని పునరాలోచించాలి.

షెడ్డులో ఏం అడగాలి?

కారు ధర లక్షల్లో ఉన్నప్పుడు ఏసీ పని తెలిసిన మెకానిక్‌కు చూపించడానికి అయ్యే కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడకూడదు. అయితే గేజీ పెట్టి ‘ప్రెషర్ ఉంది’ అంటే సరిపోదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఆర్-134ఏ గ్యాస్ పీడనం బయటి ఉష్ణోగ్రతపై ఆధారపడుతుంది. 10 డిగ్రీల వద్ద సుమారు 45 పీఎస్ఐ, 25 డిగ్రీల వద్ద సుమారు 80 పీఎస్ఐ, 40 డిగ్రీల వద్ద సుమారు 130 పీఎస్ఐ చూపుతుంది. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నా ఇదే అంకె వస్తుంది. ఇంట్లో వంటగ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా మంట ఒకేలా వచ్చినట్లే ఇది కూడా. సిలిండరులో ఎంత ఉందో తూకం వేస్తేనే తెలుస్తుంది. కారు గ్యాస్‌నూ యంత్రంతో బయటికి తీసి తూకం వేసి, స్టిక్కర్‌పై ఉన్న గ్రాములతో పోల్చి చూడాలి.

ఏసీ నడుస్తున్నప్పుడు చూసే గేజీ ఎక్కువ ఉపయోగపడుతుంది. బయట 25 నుంచి 30 డిగ్రీలు ఉన్న వేళ తక్కువ పీడనం వైపు సుమారు 25 నుంచి 40 పీఎస్ఐ, ఎక్కువ పీడనం వైపు సుమారు 150 నుంచి 250 పీఎస్ఐ ఉండటం సాధారణం. తక్కువ వైపు అంకె పెరిగి, ఎక్కువ వైపు అంకె తగ్గితే కంప్రెసర్ బలహీనపడినట్లు అనుమానిస్తారు. రెండూ తగ్గితే గ్యాస్ తగ్గినట్లు భావిస్తారు.

లీకేజీ అనుమానం ఉంటే గ్యాస్ తీసేసి నైట్రోజన్ నింపి, కొన్ని గంటలపాటు పీడనం తగ్గుతుందేమో చూడమని అడగాలి. జాయింట్ల వద్ద సబ్బు నురగతో పరీక్షిస్తే చిల్లు ఎక్కడుందో కొంతవరకు తెలుస్తుంది. కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు లోపల ఉండటంతో అక్కడి లీకేజీ కంటికి కనిపించదు. బయట ఎక్కడా జాడ లేకుండా పీడనం తగ్గుతుంటే కాయిల్‌ను అనుమానించాలి. స్టిక్కర్‌పై రాసిన గ్యాస్ తప్ప మరొకటి నింపనివ్వరాదు. చవకగా వస్తుందని మండే స్వభావమున్న వాయువులు కలిపిన రకాలను వాడితే లీకేజీ జరిగినప్పుడు అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

ఖర్చు తెలిస్తే బేరం సులువు

ఏసీలో అన్ని లోపాలూ ఒకే రకమైనవి కావు. రబ్బరు వాషరు మార్చడం, కండెన్సర్ కడగడం, రిలే లేదా ఫ్యూజు మార్చడం చిన్న పనులు. గాలి పూర్తిగా లాగేసి గ్యాస్ నింపడానికి కారు రకాన్ని బట్టి కొన్ని వేల రూపాయల లోపే అవుతుంది. కండెన్సర్ మార్చాల్సి వస్తే భారం పెరుగుతుంది. కంప్రెసర్ పాడైతే ఖర్చు పదివేల రూపాయలు దాటి, పెద్ద వాహనాల్లో అంతకు ఎన్నో రెట్లు కావచ్చు. కంప్రెసర్ లోపలే విరిగిపోతే దాని లోహపు పొడి పైపులన్నింటిలోకి పాకుతుంది. అప్పుడు కండెన్సర్, డ్రయ్యర్ కూడా మార్చక తప్పదు. కూలింగ్ కాయిల్ విషయంలో వస్తువు ధర కంటే డ్యాష్‌బోర్డు విప్పి బిగించే కూలీయే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఈ నేపథ్యంలో మెకానిక్‌లు కొనుగోలుదారులకు ఇచ్చే సలహా ఒకటే. పరీక్షించడానికి వీల్లేని ఏసీని పనిచేయని ఏసీగానే లెక్కించాలి. అమ్మకందారు పరీక్షకు ఒప్పుకోకపోతే పెద్ద మరమ్మతుకు అయ్యే మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగాలి. లోపం తేలితే అంచనా రాయించుకుని దాని ప్రకారం బేరమాడాలి.

కుదిరిన మాట కాగితంపైకి ఎక్కాలి. పరీక్ష చేసిన తేదీ, సమయం, బయటి ఉష్ణోగ్రత, ఏసీ గాలి ఉష్ణోగ్రత, చివరిసారి గ్యాస్ నింపిన తేదీ ఒప్పంద పత్రంలో రాసి ఇరువురూ సంతకాలు చేస్తే మేలు. రెండో పరీక్ష వరకు కొంత సొమ్ము ఆపి ఉంచేలా ఒప్పించుకుంటే మరీ మంచిది. పాత కార్ల వ్యాపారి వద్ద కొన్నవారు, లోపాన్ని దాచి అమ్మినట్లు తేలితే వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. తెలిసిన వ్యక్తి దగ్గర నేరుగా కొన్నప్పుడు ఈ వెసులుబాటు సాధారణంగా వర్తించదు. కనుక అటువంటి బేరాల్లో ముందు జాగ్రత్తే ముఖ్యం.

కొన్న తరువాతా మరవొద్దు

చలికాలం కదా అని నెలల తరబడి ఏసీని పూర్తిగా ఆపేయడం మంచిది కాదు. కంప్రెసర్ షాఫ్టు వద్ద ఉండే సీలు నూనె తడితోనే మెత్తగా ఉంటుంది. చాలాకాలం తిప్పకపోతే అది ఎండిపోయి గ్యాస్ లీకయ్యే అవకాశం ఉంది. వారానికోసారి మధ్యాహ్నం వేళ పది నిమిషాలు ఏసీ వేస్తే సరిపోతుంది. పత్తి జిన్నింగు మిల్లుల పరిసరాల్లో, మట్టి రోడ్లపై తిరిగే కార్లకు కండెన్సర్‌ను తక్కువ ఒత్తిడి గల నీటితో అప్పుడప్పుడూ కడిగించాలి. లోపలి గాలిని వడకట్టే ఫిల్టరును శుభ్రం చేయించాలి లేదా మార్పించాలి.

ఫిబ్రవరి చివరి వారంలో మరోసారి థర్మామీటరుతో చూసి, కొన్ననాటి అంకెతో పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే అప్పుడే మెకానిక్‌కు చూపించాలి. ఏప్రిల్ వచ్చాక ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. విడిభాగాల కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. కిరాయిలపై ఆధారపడిన వారికి ఆ రోజులే సంపాదన రోజులు. ఇచ్చోడ యువకుడు మరమ్మతు పూర్తి చేయించి ఇప్పుడు అదే కారు నడుపుతున్నాడు. కారు కొనబోయే మిత్రులెవరైనా సలహా అడిగితే, మధ్యాహ్నం వెళ్లమని, థర్మామీటరు వెంట తీసుకెళ్లమని చెబుతున్నాడు.